నాయనమ్మకు వినపడని ముక్క

నరసరావుపేటలో ఆ ఆసుపత్రి మెట్లెక్కేసరికి నా మోకాళ్ళు రెండూ నన్ను తిట్టడం మొదలుపెట్టాయి. లిఫ్టు ఉంది, పనిచేయదు. పై వరండాలో ఫినాయిలు వాసన, ఎవరో విప్పుకున్న క్యారేజీలోంచి వంకాయ కూర వాసన కలిసిపోయి ఉన్నాయి. గది గుమ్మంలో ఒక నర్సమ్మాయి కాగితాలు పట్టుకుని విసుక్కుంటోంది.

"తాతగారి దగ్గర ఎవరో ఒకళ్ళు ఫిక్సుగా ఉండాలండీ. రోజుకొకళ్ళు మారితే మేమెవరికి చెప్పాలి?"

"ఎవరో ఎందుకమ్మా, నేను లేనూ? నేను చూసుకుంటా," అన్నాడు మా అన్నయ్య.

అన్నయ్యంటే మా పెదనాన్న కొడుకు. తనకే డెబ్బై దగ్గరపడుతున్నాయి, బీపీ బిళ్ళలు చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. మంచం మీద ఉన్నది తొంభై ఏళ్ళ మామయ్య. మామయ్య అంటే మేనమామ కాదు. ఊళ్ళో మా ఎదురింటాయన. వరస కలుపుకుని పిలుచుకోవడమే.

"మీరేమవుతారు ఆయనకి?" అని అడిగింది నర్సు.

అన్నయ్య తడబడ్డాడు. కాసేపు ఆలోచించి, "ఎదురిల్లు," అన్నాడు. ఆ అమ్మాయి నవ్వుకుంటూ పోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. 'చూసుకుంటా' అన్న ఆ ముక్క చెవిన పడగానే, గుంటూరు నుంచి బస్సులో కూర్చుని వచ్చిన నడుంనొప్పి, మోకాళ్ళ నొప్పి అన్నీ పోయి, మిరపకాయల ఘాటుకి వచ్చినట్టు దగ్గొచ్చింది. ఆ మాట నేను మొదట విన్నది కల్లాల నిండా మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో. విన్న దగ్గర్నుంచీ అది నన్ను వదల్లేదు.

మా ఊరు రొంపిచర్ల దాటి లోపలికి పోవాలి. మా చిన్నప్పుడు ఊరంతా నాపరాళ్ళే. గోడలు నాపరాళ్ళు, నేల నాపరాళ్ళు, పశువులు తాగే తొట్లూ నాపరాళ్ళే. ఎండాకాలం మధ్యాహ్నం వీధిలో చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్ళు పెనం మీద అట్లయ్యేవి. పల్నాటి వాళ్ళకి మాట్లాడటం రాదని డెల్టా వాళ్ళు ఎగతాళి చేస్తారు. రాకేం, వస్తుంది. వచ్చిన మాట వెనక్కి పోదు, అదే మాకున్న చిక్కు. ఒకసారి నోరు జారితే పదేళ్ళు మాటలుండవు. పక్కపక్క ఇళ్ళలో ఉండి, ఒకే గట్టు మీద నడుస్తూ, ఎదురుపడితే గేదెతో మాట్లాడతారు. "ఏమే, కొందరికి కళ్ళు నెత్తికెక్కినయ్యంట, నువ్వన్నా జాగర్తగా నడువు" అని గేదెకి చెబుతారు. గేదె తలూపుతుంది. వినాల్సిన వాళ్ళు విని ఉడుక్కుంటారు.

అలాంటి ఊళ్ళో మా నాయనమ్మ మాటలు మోసేది.

మాటల్లేని రెండిళ్ళ మధ్య ఏ పెళ్ళి పిలుపో, ఏ గట్టు తగాదాయో వస్తే నాయనమ్మే పోవాలి. ఆమెకు చదువు లేదు, పెద్దరికం చేసే గొంతు కూడా కాదు. పైగా చెముడు. ఊరందరికీ తెలుసు ఆమెకు చెముడని. పళ్ళు లేక వక్కను చిన్న ఇనప రోట్లో దంచుకునేది. ఎవరైనా వచ్చి ఆవేశంగా చెప్పడం మొదలుపెట్టగానే ఈవిడ రోలు ముందేసుకుని టకటకా దంచడం మొదలుపెట్టేది.

ఒకసారి మా వీధి చివర ఇద్దరు తోడికోడళ్ళు చింతకాయ తొక్కు జాడీ పగిలిందని కొట్టుకున్నంత పని చేశారు. పెద్దామె మా ఇంటికొచ్చి, "ఆ ముండ మొగం నేను సచ్చినా చూడనని చెప్పత్తా," అంది.

"ఆఁ? ఏందమ్మా? చెవులు సచ్చినయ్యి. గట్టిగా చెప్పు."

"దాన్ని మా గుమ్మం తొక్కొద్దని చెప్పు!"

"తొక్కు ఏమైంది?"

"తొక్కు కాదత్తా... తొక్కొద్దని. రావొద్దని."

"అసలు రావొద్దనా?"

ఆమె గస పోసుకుంటూ కూర్చుంది. నాయనమ్మ మజ్జిగ ముంత జరిపింది. తాగి, మూతి తుడుచుకుని, "అసలు రావొద్దనేం గాదులే. వచ్చేటప్పుడు ఓ మాట చెప్పి రమ్మను. నా జాడీ అది," అంది.

నాయనమ్మ లేచి, పోయి చెప్పింది ఆ చివరి మాటే. అబద్ధమేమీ ఆడలేదు. అన్న మాటే కదా.

నాకు తెలుసు, ఆమెకు చెముడు లేదని. తెలియకేం? వెనక గదిలో ఉట్టి మీది సజ్జబూరెలు దించాలని నేను అన్నయ్య చెవిలో గుసగుసలాడితే, వాకిట్లో కూర్చున్న మనిషి, "చెయ్యి కడుక్కుని ముట్టుకోండర్రా," అనేది. పిల్లి అడుగు కూడా వినపడేది ఆవిడకి. ఒకసారి అడిగేశాను. "నీకు బాగానే వినపడుద్ది గదా నాయనమ్మా, ఎందుకు అందరి చేతా రెండోసారి చెప్పిస్తావు?"

ఆమె వక్క నోట్లో వేసుకుంది. "మొదటిసారి మడిసి మాట్లాడడే. కోపం మాట్లాడుద్ది. రెండోసారి అరిచి చెప్పాలంటే ఆళ్ళ మాట ఆళ్ళ చెవినే పడుద్ది. పడ్డాక చానామంది మారుస్తారు."

"మార్చకపోతే?"

"మూడోసారి అడుగుతా," అని నవ్వింది. పళ్ళు లేని నవ్వు, ఎర్రటి నోరు. ఇవాళ్టికీ వక్కాకు వాసన తగిలితే నాకు ఆ నోరే గుర్తొస్తుంది.

మా ఇంటికీ ఎదురింటికీ కూడా మాటల్లేవు. సాగర్ కాలవ నీళ్ళు కొత్తగా వచ్చిన కాలం అది. నీళ్ళు లేనప్పుడు లేని తగాదాలన్నీ నీళ్ళతో పాటే వచ్చాయి. తూము దగ్గర వంతు విషయంలో పెదనాన్న ఒక మాట అన్నాడు, ఎదురింటి మామయ్య దానికి తగ్గ మాట అన్నాడు. మాటకు మాట తెగులు, నీటికి నాచు తెగులు అంటారు. మాకు రెండు తెగుళ్ళూ ఒకేసారి పట్టాయి. మా తలుపు తీస్తే వాళ్ళ తలుపు కనపడుతుంది కాబట్టి రెండిళ్ళ వాళ్ళూ తలుపులు సగం మూసుకుని బతికారు.

అయితే పెద్దవాళ్ళ మాటలు ఆగిపోయినంత సులువుగా కుర్రాళ్ళవి ఆగుతాయా? మామయ్యకు ఒక్కడే కొడుకు. మా అన్నయ్య వయసువాడే. నేను వాణ్ణి బావా అనేదాన్ని. పెద్దగా ఈల వేసేవాడు, చెవులు గింగురుమనేలా. కాలవ గట్టు అవతల ఈల వినపడితే మా అన్నయ్య చెంబు పట్టుకుని బయల్దేరేవాడు. పెదనాన్న, మామయ్య పొలంలో ఉన్న పూట చూసుకుని బావ దొడ్డిదారిన మా ఇంటికి కూడా వచ్చేవాడు. నాయనమ్మ వాడికి జొన్నరొట్టె మీద పండుమిరప పచ్చడి వేసి పెట్టేది. "ఉల్లిపాయ ముక్కుందా అవ్వా?" అని అడగనిదే ముద్ద ఎత్తేవాడు కాదు. ఇద్దరూ అంతే. ఉల్లిపాయ లేనిదే వాళ్ళకు అన్నం దిగదు. ఎవరికీ చెప్పకు అని నాకు ఒక రొట్టె ముక్క లంచం.

మిరప కోతలప్పుడు జరిగింది. ఊళ్ళో మొదటి ట్రాక్టరు మాదే. అన్నయ్యే నడిపేవాడు. ఆ రోజు మధ్యాహ్నం పొలం నుంచి ట్రాక్టరు వెనక ట్రక్కు నిండా కాయ వేసుకుని కల్లానికి వస్తున్నాడు. బావ మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. కాలవ గట్టు మలుపులో చక్రం గుంటలో పడింది. వాడు జారి ట్రక్కు కిందికి పోయాడు.

నేను చూడలేదు. చూసినవాళ్ళు చెప్పింది విన్నాను, అది చాలు. గట్టంతా ఎర్రగా మిరపకాయలు పడి ఉన్నాయట, వాడెక్కడున్నాడో వెంటనే కనపడలేదట.

పోలీసులు వచ్చారు, ప్రమాదమని రాసుకుని పోయారు. కానీ ఊరు కాగితాలు చదవదు కదా. ఊళ్ళో రెండు మాటలు బయల్దేరాయి. మా వైపు వాళ్ళు 'పడ్డాడు' అన్నారు. వాళ్ళ వైపు వాళ్ళు 'పడేశాడు' అన్నారు. మధ్యలో ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరం కోసం బెల్లంకొండ నుంచి మా పెద్దమ్మ పుట్టింటివాళ్ళు కర్రలూ గొడ్డళ్ళూ పట్టుకుని వచ్చి మా కొట్టంలో దిగారు. ఎదురింటికీ ఎక్కణ్ణుంచో మనుషులు వచ్చారు. మాటల్లేని ఇంటి ట్రాక్టరు మావాడెందుకు ఎక్కుతాడు, బలవంతంగా ఎక్కించకపోతే? అన్నది వాళ్ళ ప్రశ్న. దానికి జవాబు ఈల. ఆ ఈల సంగతి అన్నయ్య కాక ఇద్దరికే తెలుసు, నాయనమ్మకీ నాకూ.

అన్నయ్యను నూజెండ్ల దగ్గర ఒక చుట్టాల ఇంట్లో దాచారు. తిండి తినడం లేదని కబురొచ్చింది. పెద్దమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అన్నం మాడబెట్టేది. మా ఇంట్లో మగవాళ్ళు మెల్లగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా వాళ్ళు మెల్లగా మాట్లాడితేనే భయం. వాళ్ళు కొట్టకముందే మనం కొట్టాలి అన్న మాట నేను నా చెవులతో విన్నాను.

మా గుమ్మంలోంచి చూస్తే ఎదురింటి దండెం మీద బావ చొక్కా ఒకటి ఆరేసి ఉండేది. నీలం గళ్ళ చొక్కా. చనిపోయిన రోజు పొద్దున వాళ్ళమ్మ ఉతికి ఆరేసిందట. దాన్ని ఎవరూ తీయలేదు. ఎండకు వెలిసిపోతూ, మిరప దుమ్ము పట్టి, గాలికి చేతులు ఊపుతూ ఉండేది. ఆ రోజుల్లో నేను గుమ్మం వైపు వీపు పెట్టుకుని అన్నం తినేదాన్ని.

వాళ్ళ ఇంట్లో పెద్దకర్మ అయిన మర్నాడు నాయనమ్మ తెల్ల చీర కట్టుకుని నా చెయ్యి పట్టుకుంది.

"యాడికే?" అన్నాడు పెదనాన్న అడ్డమొచ్చి.

"సావు జరిగిన ఇంటికి. పలకరించకపోతే మడుసులమేనా?"

"నిన్ను గుమ్మం దాటనిస్తారా ఆళ్ళు?"

"ఆఁ? వినపడటంలా," అంటూ ఆమె వీధి దాటింది. ఆడమనిషినీ ఆడపిల్లనీ మా వైపు ఎంత పగలో కూడా ముట్టుకోరని ఆమె నమ్మకం. నాకు మాత్రం అంత నమ్మకం లేదు. ఆమె కొంగు పట్టుకుని దండెం కింది నుంచి పోతుంటే చొక్కా చెయ్యి నా తలకు తగిలింది. ఈ వయసులో కూడా, ఆరేసిన బట్టల కింది నుంచి నేను నడవను.

మామయ్య తొట్టి దగ్గర ఎడ్లకు నీళ్ళు పెడుతున్నాడు. తిరిగి చూడలేదు. లోపల అత్తయ్య ఏడుపు, గొంతు బొంగురుపోయి ఎప్పుడో ఆగిపోవాల్సిన ఏడుపు. వరండాలో కూర్చున్న మగవాళ్ళు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. మామయ్య చెయ్యి ఊపాడు, వాళ్ళు కూర్చున్నారు. నాయనమ్మ ఎవరూ కూర్చోమనకుండానే తొట్టి పక్కన నాపరాయి మీద కూర్చుంది. క్షమించమనలేదు, మావాడి తప్పు లేదనలేదు. అసలు మావాడి ఊసే ఎత్తలేదు.

"అబ్బాయ్, నీ కొడుకు మా ఇంట్లో రొట్టె తినేవాడయ్యా. నీకు తెలీదు. గట్టు మీద ఈల వేసి మావాణ్ణి పిలిచేవాడు. ఉల్లిపాయ లేందే తినేవాడు గాదు," అంది. అని, అప్పుడు ఏడ్చింది. నేను నాయనమ్మ ఏడవడం అంతకుముందు చూడలేదు. పళ్ళు లేని నోరు పసిపిల్ల నోరులా వంకరపోయింది.

ఎడ్లు నీళ్ళు తాగుతున్న చప్పుడొకటే.

"మీవాడు యాడున్నాడు?" అన్నాడు మామయ్య.

"ఆఁ? ఏందయ్యా?"

"ఆడు యాడ దాక్కున్నాడని అడుగుతన్నా!"

"వినపడలా నాయనా. గట్టిగా చెప్పు."

మామయ్య ఇటు తిరిగాడు. గడ్డం మాసిపోయింది, కళ్ళు మిరప కల్లంలో పనిచేసిన వాడి కళ్ళలా ఉన్నాయి. నోరు తెరిచి, ఆగి, "పిల్లోడు యాడున్నాడత్తా?" అన్నాడు.

చూశారా, 'మీవాడు' కాస్తా 'పిల్లోడు' అయ్యాడు. అంత భయంలోనూ నాకు ఆ తేడా తెలిసింది. నాయనమ్మకు తెలియదా?

"నూజెండ్ల కాడున్నాడయ్యా. అన్నం తినటంలేదంట. సచ్చేట్టున్నాడు," అని ఉన్నదున్నట్టు చెప్పేసింది. మా వాళ్ళు అంత జాగ్రత్తగా దాచిన చోటు, ఎవరికి చెప్పకూడదో వాళ్ళకే.

మామయ్య మళ్ళీ ఎడ్ల వైపు తిరిగాడు. వీపు మాత్రమే కనపడుతోంది.

"ఆ పిల్లోడి సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు పో," అన్నాడు.

నేను ఎదురుచూశాను. ఇప్పుడు 'ఆఁ?' అంటుంది, మళ్ళీ చెప్పమంటుంది అనుకున్నాను. ప్రతి మాటనూ అందరి చేతా రెండేసి సార్లు అనిపించిన మనిషి, ఆ ఒక్క మాటను మళ్ళీ అడగలేదు. లేచింది. చావింటి నుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

ఎదురుగా పదడుగుల్లో మా గుమ్మం. ఆమె అటు పోలేదు. వీధి వెంట పైకి నడిచింది. అరుగు మీద పప్పు చెరుగుతున్న ఆవిడ, "ఏమన్నాడు పెద్దమ్మా?" అంది. చెవిటివాళ్ళు ఎలా మాట్లాడతారో తెలుసుగా, ఊరికే అరుస్తారు. నాయనమ్మ ఆ గొంతుతో, "పిల్లోణ్ణి నేను చూసుకుంటానన్నాడమ్మా! ఎంత పెద్ద మనసు! సొంత కొడుకు పోయి కూడా, మీ పిల్లోణ్ణి నేను చూసుకుంటానన్నాడు!" అంది. తర్వాతి గుమ్మం దగ్గర మళ్ళీ. కోమటి కొట్టు దగ్గర మళ్ళీ. చక్కెర పొట్లం కడుతున్న కొట్టాయన చెయ్యి ఆగిపోయి, "ఆయన అంత మాటన్నాడా!" అన్నాడు. "అన్నాడయ్యా, నా చెవులారా విన్నా," అంది ఊరందరికీ తెలిసిన చెవిటి మనిషి.

మలుపు తిరగ్గానే కొంగు లాగాను. "నాయనమ్మా, అట్లా అనలేదు గదా. సంగతి అన్నాడు. పిల్లోడి *సంగతి* చూసుకుంటా అన్నాడు."

మా వైపు చిన్నపిల్లకు కూడా తెలుసు. పిల్లాణ్ణి చూసుకుంటానంటే అన్నం పెడతానని. పిల్లాడి సంగతి చూసుకుంటానంటే వేరే.

ఆమె ఆగింది. వంగి నా మొహంలోకి చూసింది. "ఆ ముక్క నాకు వినపడలా," అంది. మళ్ళీ తనే, "నీకు వినపడిందా?" అంది.

అది బెదిరింపు కాదు. బతిమాలడమో, నిజంగా అడగడమో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మళ్ళీ ఆమె కొంగు పట్టుకున్నాను. ఇద్దరం ఇంటికొచ్చాం.

మా వాళ్ళు నమ్మలేదు. నమ్మకపోయినా ఊరంతా తెలిసిపోయాక కర్ర ఎత్తడం ఎలా? కొడుకు పోయినవాడు అంత పెద్ద మాటంటే, వాడి మీదికి పోయారన్న అప్రతిష్ఠ ఎవరు మోస్తారు? బెల్లంకొండ వాళ్ళు గొడ్డళ్ళు గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కారు. ఎదురింటికీ జనం వచ్చి, "నువ్వు దేవుడివయ్యా" అని మామయ్యకు దండాలు పెట్టి పోతున్నారు. మామయ్య అవునని గానీ కాదని గానీ అనలేదట. నేను మాత్రం ఆ రోజుల్లో ఊళ్ళో నిజం తెలిసిన ఏకైక పిల్లనై, జ్వరం తెచ్చుకున్నాను.

అన్నయ్య తిరిగొచ్చింది మండుటెండ వేళ. బస్సు దిగి వీధిలో నడిచి వస్తుంటే ఒక్కొక్క అరుగు మీద మాటలు ఆగిపోతూ వచ్చాయి. ఎముకల గూడులా ఉన్నాడు. మా గుమ్మం ఇంకా రాలేదు, ఎదురింటి తలుపు తెరుచుకుంది.

"ఒరేయ్," అన్నాడు మామయ్య. "అన్నం తిన్నావా?"

"లేదు మామా."

"రా."

అన్నయ్య లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది.

పెద్దమ్మ గుమ్మానికి ఆనుకుని కూలబడింది. పెదనాన్న మూల ఉన్న కర్ర అందుకున్నాడు. నాయనమ్మ రోలు తీసుకొచ్చి మా గడప మీద, నడిమధ్య వేసుకుని కూర్చుంది. ఆమెను తొక్కుకుని తప్ప బయటికి పోలేరు.

"లేమ్మా, లే! ఆణ్ణి సంపుతారే!"

"వినపడటంలా," అంది. వక్క దంచసాగింది. అప్పుడు చూశాను. రోకలి రోట్లో పడటం లేదు. అంచుకు తగులుతోంది, ఆమె వేలికి తగులుతోంది, గడప మీద పడుతోంది. ఆపలేదు. ఎదురుగా దండెం మీద ఆ చొక్కా ఊగుతోంది. మిరప ఘాటుకి వీధిలో ఎవరో దగ్గితే అందరం ఉలిక్కిపడ్డాం. ఆ మూసిన తలుపు ముందు నేను పెరిగి పెద్దయ్యాననిపిస్తుంది. అంతసేపు పట్టింది.

తలుపు తెరుచుకుంది. అన్నయ్య తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఏమైందిరా, ఏమైందిరా అని పెద్దమ్మ వాణ్ణి తడుముతుంటే, "ఏం కాలేదమ్మా. గోంగూర వేసి అన్నం పెట్టారు," అన్నాడు. వాడి చేతికి ఉల్లిపాయ వాసన. నాయనమ్మ వేలికి రక్తం కారుతోంది. ఆ సాయంత్రం చూస్తే దండెం ఖాళీగా ఉంది.

ఆ తర్వాత మామయ్య ఆ మాట నిలబెట్టుకున్నాడు. మళ్ళీ ట్రాక్టరు ఎక్కనని మొండికేసిన అన్నయ్యను పొలానికి తీసుకుపోయి అరక పట్టించాడు. సంబంధం చూశాడు, పెళ్ళిలో పెదనాన్న పక్కన నిలబడ్డాడు. అయినా మా ఇంట్లో ఒక్కనాడూ మంచినీళ్ళు ముట్టలేదు. నాయనమ్మ పోయినప్పుడు ఎవరూ పిలవకుండానే వచ్చి పాడె ఒక కొమ్ము పట్టాడు. మా వాళ్ళ పిల్లలకు ఈ కథ చెబుతారు, ఎంత గొప్ప మనిషో అని. చెప్పినప్పుడల్లా నేను వంటింట్లోకి పోయేదాన్ని. ఒక ఊరు ఊరంతా ఒక గోడ మీద ఆనుకుని బతుకుతుంటే, ఆ గోడలో ఒక రాయి లేదని తెలిసిన మనిషి ఎలా నిద్రపోతుంది?

ఆసుపత్రిలో అన్నయ్య ఇడ్లీ తెస్తానని కిందికి దిగాడు. గదిలో మేమిద్దరమే. మామయ్య కళ్ళు తెరిచి నన్ను చూశాడు. ఒకప్పుడు తొట్టి అంత వీపు ఉన్న మనిషి, ఇప్పుడు దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియడం లేదు. నా వయసుకు సిగ్గుపడాలి గానీ, ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడు?

"మామయ్యా, ఆ రోజు నాయనమ్మతో పిల్లోడి సంగతి చూసుకుంటానన్నారు. గుర్తుందా? ఎందుకన్నారు? అంటే... ఎట్లా అన్నారు?"

"నువ్వు విన్నావా ఆ ముక్క?" అన్నాడు.

"విన్నాను."

"మీ నాయనమ్మా వినింది. ఆమెకి చెవుడేంది, నా మొగం." పెదాలు కదిలాయి, నవ్వేమో. "మళ్ళీ చెప్పమంటదేమోనని చూశా. అడగలా. అడిగుంటే ఏదో ఒకటి తేల్చాల్సొచ్చేది."

"అంటే?"

"రెండూ ఉన్నయ్యమ్మాయ్ ఆ మాటలో. నాకే తెలీదు ఏదన్నానో. ఈదిలో ఆమె అరుసుకుంటా పోతంటే విని, ఓహో, నేను ఇదా అన్నది అనుకున్నా." ఊపిరి తీసుకున్నాడు. "ఆమె ఒకటి పట్టుకపోయింది. రెండోది నా కాడే ఉండిపోయింది."

నేను జారిన దుప్పటి పైకి లాగాను.

"అన్నానికి పిలిచిన పూట మంచం కింద గొడ్డలుంది. మీ అత్తకీ తెలీదు. ముందు తిననీలే అనుకున్నా. అన్నం పెడతానన్నానని ఊరంతా చెప్పిందిగా మీ నాయనమ్మ, పెట్టాక చూద్దామనుకున్నా. పచ్చడి వెయ్యంగానే, 'ఉల్లిపాయ ముక్కుందా అత్తా' అన్నాడు ఆడు." కళ్ళ చివర నీళ్ళు చెవుల్లోకి జారాయి. "అచ్చం మావాడే అడిగినట్టు. మీ నాయనమ్మ చెప్పకపోయుంటే, ఆ ఉల్లిపాయ మాట నాకు ఇనపడేది గాదు."

మళ్ళీ అన్నాడు, "ఆ రెండోది యాడికీ పోలా అమ్మాయ్. ఆడు అన్నం కలిపిన ప్రతిసారీ మంచం కిందికి చూసేవాణ్ణి. గొడ్డలి తీసి బాయిలో పడేశా. అయినా చూసేవాణ్ణి. ఇప్పుడు ఆడు నాకు తినిపిస్తంటే... ఆడికి చెప్పేదా? చెప్పకుండా పోయేదా?"

తలుపు చప్పుడైంది. అన్నయ్య ఇడ్లీ పొట్లం, ప్లాస్కుతో లోపలికొచ్చాడు. పొట్లం విప్పి, ఇడ్లీ చిదిమి, పాలల్లో మెత్తగా కలిపి, ఒక చేత్తో ఆ ముసలి తల ఎత్తిపట్టి చెంచా నోటి దగ్గర పెట్టాడు. మామయ్య నోరు తెరవలేదు. కళ్ళు నా మీదే ఉన్నాయి. అన్నయ్య ఆ తడి చూసి, తువ్వాలు కొసతో తుడిచి, నా వైపు తిరిగాడు.

"ఏందే, ఏడుస్తన్నాడు? నీతో ఏమన్నాడు మామ?"

కారిడార్లో ఎవరో దగ్గారు. నాయనమ్మ వేలికి రోకలి తగిలినట్టు, నా వేలు ఊరికే నొప్పి పుట్టింది.

"ఏమో అన్నయ్యా," అన్నాను, కాస్త గట్టిగానే. "ఈ మధ్య నాకు సరిగ్గా వినపడటంలా."

మామయ్య నోరు తెరిచాడు.